ఈసారి మోడల్ కొనకండి, చేయనివ్వండి

ప్రియమైన తల్లిదండ్రులకు,

సైన్స్ ఫెయిర్ అనగానే రెడీమేడ్ మోడల్ కోసం షాపుకి పరుగెత్తకండి. ఈసారి ఆండ్రాయిడ్ మ్యూజిక్ ప్లేయర్‌కి వైరు రిమోట్ చేయమని పిల్లలకి చెప్పండి. మైక్ ఉన్న పాత ఇయర్‌ఫోన్, మూడు పుష్ బటన్లు, 240, 470 ఓమ్‌ల రెసిస్టర్లు ఒక్కొక్కటి చాలు. బటన్ నొక్కి మైక్ వైరుని గ్రౌండ్ వైరుతో నేరుగా కలిపితే పాట ఆగుతుంది. మధ్యలో 240 ఓమ్‌లుంటే సౌండ్ పెరుగుతుంది, 470 ఉంటే తగ్గుతుంది. రెసిస్టెన్స్‌ని బట్టి వోల్టేజ్ మారుతుంది. ఏ బటన్ నొక్కారో ప్లేయర్ దాంతోనే గుర్తుపడుతుంది. టెన్త్‌లో బట్టీపట్టే ఓమ్ నియమం ఇక్కడ చెవులకి వినిపిస్తుంది.

సోల్డరింగ్ చేసేటప్పుడు పక్కనే కూర్చోండి, పని మాత్రం వాళ్లనే చేయనివ్వండి. మొదటిసారి పనిచేయకపోయినా కంగారు పడకండి. ఏ వైరు ఊడిందో వెతకడంలోనే సగం చదువు ఉంది.

కొన్న మోడల్‌కి ప్రైజ్ రావచ్చు. "ఇదెలా పనిచేస్తుంది?" అని జడ్జి అడిగితే జవాబు చెప్పాల్సింది మాత్రం మీ పిల్లలే.

— మీ ఫిజిక్స్ టీచర్