సంగటి చూపిద్దాం, బిడ్డ ఏడుపు వద్దు

పోయిన వారం కుప్పం నుంచి మా చిన్నమ్మ కూతురు ఫోన్ చేసింది. "అక్కా, నా ఛానల్‌కి వెయ్యి మంది అయినారు. ఇంక డబ్బులు పడతాయి కదా?" అని ఒకటే సంబరం. రాగిసంగటి, ఊరిబిండి, ఉలవచారు చేసి చూపిస్తూ ఏడాదిగా కష్టపడుతోంది పాపం. వెయ్యి మంది చేరితే చాలదని నేనే చెప్పాల్సి వచ్చింది.

మా బంధువుల్లో మదనపల్లెలో ఒకరు, పుంగనూరులో ఇద్దరు కూడా వీడియోలు మొదలుపెట్టారు. వాళ్ళకు చెప్పిన లెక్కే మీకూ చెప్తాను.

యూట్యూబ్‌లో ప్రకటనల డబ్బు రావాలంటే వెయ్యి మంది సబ్‌స్క్రైబర్లతో పాటు, గడిచిన 12 నెలల్లో మన వీడియోలను జనం 4,000 గంటలు చూసి ఉండాలి. లేదా 90 రోజుల్లో షార్ట్స్‌కు కోటి వ్యూస్ రావాలి. 4,000 గంటలంటే 2,40,000 నిమిషాలు. ఒక్కొక్కరు సగటున మూడు నిమిషాలు చూస్తారనుకుంటే 80,000 సార్లు చూడాలి. షార్ట్స్ ఫీడ్‌లో చూసింది ఈ గంటల్లో కలవదు. ఇవన్నీ దాటాక, పెద్ద వీడియోల మీద వచ్చే ప్రకటనల ఆదాయంలో 55 శాతం మనకిస్తారు. అది కూడా 100 డాలర్లు పోగయ్యాకే బ్యాంకుకు పంపుతారు. వెనకాల సినిమా పాట పెట్టారంటే ఆ వీడియో ఆదాయం పాట హక్కులున్న వాళ్ళకు పోవచ్చు.

ఇంకో మాట. డబ్బు పడే ఖాతా మీ పేరు మీదే పెట్టుకోండి. పొయ్యి దగ్గర చెమటోడ్చేది మనం, బ్యాంకు మెసేజ్ ఇంకొకరి ఫోన్‌కి పోతే ఎట్లా?

ఇంతవరకు బాగానే విన్నది. తర్వాత మెల్లగా అసలు సంగతి చెప్పింది. దాని వీడియోలన్నిటిలో ఎక్కువ మంది చూసింది సంగటి కాదంట. నాలుగేళ్ళ కూతురు కిందపడి ఏడ్చిన వీడియో అంట. "పాపను మళ్ళీ చూపించండి అని అడుగుతున్నారక్కా. వారానికొకసారి దాని అల్లరి పెడితే గంటలు తొందరగా అయిపోతాయి" అంది.

నాకు మనసు చివుక్కుమంది. దాని అవసరం నాకు తెలియంది కాదు. బిడ్డ స్కూలు ఫీజుకి ఎవరి ముందూ చెయ్యి చాచకూడదని ఈ తిప్పలు. కానీ ఏడుపుకే చూసేవాళ్ళుంటే, రేపు బిడ్డ ఏడ్చినప్పుడు ముందు ఎత్తుకుంటామా, ఫోన్ తీస్తామా? ఆ పాప పెద్దదై బడికి పోయినప్పుడు తోటి పిల్లలు ఆ వీడియో చూపించి నవ్వితే? మనం తీసేసినా, డౌన్‌లోడ్ చేసుకున్నవాళ్ళ ఫోన్లలోంచి తీయలేం. పెద్దవాళ్ళం మనకు వద్దనే నోరుంది. నాలుగేళ్ళ బిడ్డకు ఏముంది?

గుంటూరు జిల్లా మస్తానమ్మ వందేళ్ళు దాటిన వయసులో ఆరుబయట కట్టెల పొయ్యి మీద వండి దేశదేశాల వాళ్ళ చేత చూపించుకుంది. జగిత్యాల జిల్లా లంబాడిపల్లి గంగవ్వ తన యాసతో, నటనతో 'మై విలేజ్ షో'లో పేరు తెచ్చుకుని 2020లో బిగ్ బాస్ దాకా పోయింది. జనం చూసింది వాళ్ళ చేతి పనిని, వాళ్ళ మాటను. అందరికీ అంత పేరు రాదు, నిజమే. అయినా మనం అమ్ముకోదగ్గవి మన పని, మన మాట. పిల్లల కన్నీళ్ళు, అత్తాకోడళ్ళ తగవులు మనొక్కరి సొత్తు కాదు.

ఇవన్నీ చెప్తే చాలాసేపు మాట్లాడలేదు. "అయితే ఆలస్యమవుతుందక్కా" అంది చివరికి. అవుతుంది. అబద్ధం చెప్పలేను. నిన్న చూస్తే పాప వీడియో కనిపించలేదు. ఉలవచారు వీడియో కొత్తది పెట్టింది. మూడు నిమిషాలు కాదు, పూర్తిగా చూశాను. మీరూ మీకు తెలిసినవాళ్ళ వంట వీడియోలు చివరిదాకా చూడండమ్మా. వాళ్ళ గంటలు అట్లాగే నిండాలి.