భవిష్యత్తు వేషమున వచ్చిన అక్షరము

అక్షరమునకు మొదటి ధర్మము చదువబడుట. అందము రెండవది, నూతనత్వము మూడవది. నేడు ఈ వరుస తలక్రిందగుచున్నదని మేము నిస్సంకోచముగా చెప్పుచున్నాము. వృత్తలేఖినితోను కొలబద్దతోను గీచిన అక్షరములను ముందుంచి, ఇవియే రాబోవు కాలపు అక్షరములనియు, వీనిని చదువ నోపనివారు వెనుకబడినవారనియు కొందరు వాదించుచున్నారు. ఈ వాదమును దాని పుట్టినింటనే పరీక్షింతము.

1925వ సంవత్సరమున జర్మనీ దేశమందలి డెస్సౌ పట్టణమునకు తరలివచ్చిన బౌహౌస్ అను శిల్పవిద్యాలయమున హెర్బర్ట్ బేయర్ ఒక సార్వత్రిక లిపిని కల్పించెను. వృత్తఖండములును సరళరేఖలును తప్ప అందు వేరొండు లేవు. పెద్దక్షరములు మొదలే లేవు. నోటిమాటలో పెద్ద ధ్వని, చిన్న ధ్వని యను భేదము లేనప్పుడు వ్రాతలో రెండు వరుస లెందులకని ఆ పక్షమువారి ప్రశ్న. నామవాచకముల నెల్ల పెద్దక్షరముతో మొదలిడు జర్మను భాషలో ఆ ప్రశ్న పదునైనదే. ఆచారమును ప్రశ్నించు సాహసము మాకు గౌరవపాత్రమే. కాని ఆ లిపి ఆ కాలమున సీసపు అచ్చుగా పోతపోయబడలేదు. ఊహ గొప్పది; పుస్తకము పుట్టలేదు.

రెండేండ్లకు, 1927లో, పాల్ రెన్నర్ కల్పించిన ఫ్యూచురా యను అక్షరములను ఫ్రాంక్‌ఫర్టులోని బావర్ పోతశాలవారు వెలువరించిరి. లాటిను భాషలో ఆ పేరునకు 'కాబోవునది' యని యర్థము. ఇదియు వృత్త చతురస్ర త్రికోణముల సంతానమే. అయినను ఇది నేటికిని బ్రదికియున్నది. ఏల? రెన్నరు తొలుత గీచిన చిత్రరూపములు కొన్ని తుదకు విడువబడినవి. మిగిలినవానిని కంటికి అనుగుణముగా సవరించిరి. సమాన మందము గల రెండు గీతలలో అడ్డగీత నిలువుగీతకంటె లావుగా కన్పట్టును. చదరపు అక్షరముతో సరియెత్తున నుంచిన గుండ్రని యక్షరము పొట్టిగా తోచును. గీతలు కలియుచోట నలుపు గడ్డకట్టును. ఇవి కంటి స్వభావములు. జ్యామితి వీని నెరుగదు. కనుకనే ఫ్యూచురాలో అడ్డగీతలు కొంత సన్నగిల్లినవి, కలయికలు పలుచబడినవి. శాస్త్రము కంటికి తలయొగ్గినందుననే ఆ యక్షరము నిలిచినది. 1969లో చంద్రునిపై అపోలో 11 యాత్రికులు విడిచివచ్చిన ఫలకముమీద నున్నదియు ఈ యక్షరమే. అచ్చట మాటలు కొలదిగా నుండుట గమనింపదగినది.

ఇక రెండవ వంశమును జూడుడు. 1952లో ఇటలీ దేశపు ట్యూరిన్ నగరమున నెబియోలో పోతశాలవారు మైక్రోగ్రామా యను టైపును వెలువరించిరి. మూలలు గుండ్రించిన చతురస్రములు; అన్నియు పెద్దక్షరములే. పదేండ్లకు, 1962లో, దానిని కల్పించిన యిరువురిలో నొకడగు ఆల్డో నోవరేసే చిన్నక్షరములను చేర్చి యూరోస్టైల్ అను పేర మరల తీర్చెను. 1968లో వచ్చిన '2001: ఎ స్పేస్ ఒడిస్సీ' యను చలనచిత్రమున వ్యోమనౌకలోని తెరలమీదను పలకలమీదను ఈ వంశపు టక్షరములు కన్పట్టును. అది మొదలు ఆకాశయాన మనగా ఇవియే యైనవి. కాని నిదానించి చూచినచో ఆ యక్షరపు ఆకృతి ఆనాటి టెలివిజను తెర యాకృతియే! భవిష్యత్తని మనము భ్రమించినది ఆ దశాబ్దపు అభిరుచి మాత్రమే. కాబోవు కాలమును గీచితి మనుకొను ప్రతివాడును తన కాలమునే గీచుచున్నాడు.

ఇట్టి యక్షరములు కూడవని మేమనము. గుమ్మమునకు తోరణము కట్టుదుము. ఇంటి గోడలను తోరణములతో కట్టము. పుస్తకపు అట్టమీద, అంగడి పలకమీద, చిత్రముయొక్క ప్రకటనమీద నాలుగు మాటలు పెద్దవిగా నుండునపుడు వీనికి సార్థకత కలదు. అటనుండి ఇవి లోపలిపుటలకు దిగి సూచనలను, పాఠములను, షరతులను ఆక్రమించునపుడే మా యభ్యంతరము.

అలవాటైన కన్ను ఏ యక్షరమునైన చదువగలదని ప్రతిపక్షులందురు. ఇందు సత్యము లేకపోలేదు. కాని ఆ యలవాటునకు మూల్యము చెల్లించువా రెవరు? నిత్యము గ్రంథములు చదువు పండితుడు కాదు. అక్షరములను కూడబలుకుకొను బాలుడు, నడివయసున ఓనమాలు దిద్దిన తల్లి, చూపు మందగించిన తాత. ఎవరికి అక్షర మత్యవసరమో వారినుండియే దానిని దాచు నూతనత్వము సంస్కారము కాదు; కొత్తరకపు అధికారము.

తెలుగునకు ఈ ప్రమాదము మరింత హెచ్చు. మన లిపి సహజముగనే గుండ్రనిది గాన వృత్తలేఖిని దానికి తగునని యందురు. అది పైచూపు. 'ప'కును 'వ'కును గల భేదము తలకట్టు విడిగా నుండుట, కలియుటయే. 'ద' 'ధ'ల నడుమను, 'డ' 'ఢ'ల నడుమను నిలిచినది అడుగున నొక చిన్నగీత. అన్నిటిని ఒకే వృత్తమున పోసి నున్నచేసినచో మొదట చచ్చునది ఈ సూక్ష్మభేదమే. అప్పుడు దినమునకు రెండుమారులు 'వాడవలసిన' మందును 'పాడవలసిన' మందుగా చదువుకొనవలసి వచ్చును!

పూర్వము అక్షరము నెన్నుకొనుట ముద్రాపకుని పని. నేడు కంప్యూటరు గల ప్రతి గృహస్థునకును, ప్రతి ఉపాధ్యాయునకును ఆ యధికారము లభించినది. బాధ్యతయు దానితోడనే వచ్చినది. ఆహ్వానము గాని, పాఠశాల ప్రకటన గాని, సంఘపు టెత్తుపత్రము గాని అచ్చొత్తించుటకు ముందు దానిని ఇంటిలో అందరికంటె తక్కువ చదివినవారి చేతికిండు. వారు తడబడనిచో అది మంచి యక్షరము. తడబడినచో దాని పేరు భవిష్యత్తే యైనను దానిని త్రోసివేయుడు.