నల్లరవ్వ కింద ద్రాక్షతోట

పిల్లలూ! ఏడాదికి 150 మిల్లీమీటర్ల వాన మాత్రమే పడే చోట తోట వేయమంటే మీరేమంటారు? వానలు తక్కువని మనం చెప్పుకునే అనంతపురం జిల్లాలో కూడా సుమారు 550 మిల్లీమీటర్లు పడుతుంది. అయినా అంత ఎండు దీవిలో రెండువందల యాభై ఏళ్లకు పైగా ద్రాక్ష పండుతున్నది.

ఆ దీవి పేరు లాంజరోటె. ఆఫ్రికా ఖండానికి పడమరగా అట్లాంటిక్ సముద్రంలో ఉన్న కానరీ దీవుల్లో అదొకటి. స్పెయిన్ దేశానిది. 1730 సెప్టెంబరు 1వ తేదీ రాత్రి అక్కడ భూమి బద్దలై అగ్నిపర్వతం లేచింది. ఒక్కనాటితో ఆగిందా? 1736 దాకా, ఆరేళ్లు, విడిచి విడిచి మండింది. యాయిసా అనే ఊరి చర్చి గురువు మొదటి రోజుల సంగతులు రాసిపెట్టాడు కాబట్టి మనకు తెలిసింది. దీవిలో నాలుగోవంతు లావా కిందికి పోయింది. ఊళ్లకు ఊళ్లే కనపడకుండా పోయాయి. గోధుమ, బార్లీ పండే మంచి పొలాలన్నీ ఆ భాగంలోనే ఉండేవి. ఎంతోమంది పొరుగు దీవులకు వలస పోయారు.

లావా పారని చోట్ల నల్లని రవ్వ పడింది. బూడిద అంటారు గాని, మెత్తటి పొడి కాదు. చిన్న చిన్న రంధ్రాలున్న గులకలు. దాన్ని పికాన్ అంటారు. రవ్వ పలుచగా పడ్డ చోట మొక్కలు మునుపటికన్నా ఏపుగా పెరగడం రైతులు గమనించారు. ఎందుకని?

దీపంలో వత్తి నూనెను పైకి పీల్చినట్లు, మట్టిలోని సన్నని సందులు అడుగు నీటిని పైకి లాగుతాయి. ఎండకు అది ఆవిరైపోతుంది. పైన గులకలుంటే సందులు పెద్దవి. నీరు అక్కడితో ఆగిపోతుంది. వాన నీరు మాత్రం గులకల మధ్యగా సులువుగా కిందికి దిగుతుంది. కావాలంటే రెండు మూకుళ్లలో తడిమట్టి పోసి, ఒకదానిపై రెండంగుళాల మందాన గులకరాళ్లు పరచి ఎండలో పెట్టండి. నాలుగురోజుల తర్వాత వేలు పెట్టి చూడండి. అమ్మను అడిగే మూకుళ్లు తీసుకోవాలి సుమా!

లా హేరియా అనే లోయలో రవ్వ రెండు మూడు మీటర్ల మందాన పడింది. తీగ వేరు పాత మట్టిని అందుకోవాలి గదా! అందుకని గరాటు ఆకారంలో గోతులు తవ్వారు. ఒక్కో గోతికి ఒక తీగ, మహా అయితే రెండు. ఈశాన్యం నుంచి వ్యాపార పవనాలు ఏడాదిలో చాలాకాలం వీస్తాయి. వాటికి అడ్డంగా గోతి అంచున రాళ్లతో అర్ధచంద్రాకారపు గోడ కట్టారు. సున్నం లేదు, అడుసు లేదు. రాయి మీద రాయి పేర్చడమే. కొండ ఎక్కి చూస్తే నల్లని నేలమీద వేల పచ్చచుక్కలు!

రవ్వ పడని పొలాలకు దాన్ని ఒంటెలపై మోసుకొచ్చి పరిచారు. ఇంజనీర్లెవరూ చెప్పలేదు.

అక్కడ ఎక్కువగా పండేది మాల్వసీయా అనే తెల్లద్రాక్ష. దానితో ద్రాక్షసారా చేస్తారు. ఆ సంగతి పెద్దలకు వదిలేద్దాం. జూలై, ఆగస్టులలో కోత. గోతుల మధ్యకు యంత్రం పోలేదు. కోసేవాడు జారే రవ్వలో దిగి, గుత్తులు కోసి, బరువుతో మళ్లీ ఎక్కాలి. ఎకరానికి పట్టేవి కొద్ది తీగలే కనుక పంటా తక్కువే. పైగా గాలికి కొట్టుకొచ్చిన మట్టి ఏళ్లు గడిచేకొద్దీ గులకల సందుల్లో చేరి వాటిని పూడుస్తుంది. అప్పుడు మళ్లీ వత్తి పని మొదలవుతుంది. కొత్త రవ్వ తెచ్చి పోయాలి.