‘దుర్వినియోగం’ అన్న మాట ఎవరి చట్టానికి?

“ఏమీ చేయకుండా ఊరికే ఉపా పెడతారా సార్?” క్లాసులో కూడా అడుగుతున్నారు. అడగనివ్వండి. నాకు మాత్రం రెండు ఏప్రిళ్ళు గుర్తొస్తాయి.

2018 మార్చి 20న సుప్రీంకోర్టుకు అట్రాసిటీ చట్టం దుర్వినియోగమవుతోందని బెంగ పట్టుకుంది. అరెస్టుకు ముందు అనుమతి తీసుకోవాలంది, ముందస్తు బెయిల్‌కు తలుపు తెరిచింది. ఏప్రిల్ 2న మనం భారత్ బంద్ చేశాం, ప్రాణాలు కూడా పోయాయి. ఆ ఆగస్టులో పార్లమెంటు చట్టాన్ని సవరించక తప్పలేదు.

సరిగ్గా ఏడాదికి, 2019 ఏప్రిల్ 2న, వటాలీ కేసులో అదే కోర్టు ఉపా బెయిల్ దశలో సాక్ష్యాల్ని లోతుగా తూచొద్దని చెప్పింది. సెక్షన్ 43డి(5) ప్రకారం ఆరోపణ పైకి నిజమనిపిస్తే చాలు, బెయిల్ లేదు. అనిపించేది దేన్ని చూసి? పోలీసులు పెట్టిన కాగితాలు చూసి. అవి అబద్ధమని చెప్పుకోవడానికి విచారణ మొదలవ్వాలి. అది ఎప్పుడో ఎవరికీ తెలియదు. దుర్వినియోగం బెంగ ఇక్కడ ఏమైంది?

“మీరూ కఠిన చట్టమే కావాలంటారుగా” అనేవాళ్ళున్నారు. అట్రాసిటీ చట్టం ఆపేది ముందస్తు బెయిల్‌ని. అరెస్టయ్యాక మామూలు బెయిల్ వస్తుంది. వచ్చి మన వాడ ముందు నుంచే బండి మీద తిరుగుతారు, చూడలేదా?

భీమా కోరేగావ్‌లో 2018 జనవరి 1న దాడి జరిగింది దళితుల మీద. ఉపా వచ్చిపడింది మాత్రం రచయితలు, లాయర్లు, కళాకారులు, మొత్తం 16 మంది మీద. ఆ కేసులో హైదరాబాద్ ఇఫ్లూ ప్రొఫెసర్ కె. సత్యనారాయణ ఇంట్లో సోదా చేశారు. ఆయన నిందితుడు కాదు, వరవరరావు అల్లుడు. ఇన్ని పుస్తకాలెందుకు, దేవుళ్ళ పటాలు లేకుండా ఫూలే, అంబేద్కర్ ఫొటోలెందుకు అని అడిగారని ఆయనే పత్రికలకు చెప్పారు. ఆయన భార్యనైతే నువ్వు బ్రాహ్మణ స్త్రీవి కదా, బొట్టూ నగలూ ఏవన్నారట. ఉగ్రవాదం దర్యాప్తులో బొట్టు లెక్క!

ఆనంద్ తేల్‌తుంబ్డే 2020 ఏప్రిల్ 14న, అంబేద్కర్ జయంతి రోజున, లొంగిపోయారు. ఉగ్రవాద చర్యకు ప్రాథమిక ఆధారం లేదని బాంబే హైకోర్టు అనేసరికి 2022 నవంబరు వచ్చింది. అమలాపురం బిడ్డ సాయిబాబా 2014లో అరెస్టయ్యారు. చక్రాల కుర్చీలో ఉన్న ఆ మనిషికి తల్లి చివరి చూపుకూ పెరోల్ ఇవ్వలేదు. 2024 మార్చిలో నిర్దోషి అన్నారు, అక్టోబరులో చనిపోయారు.

మొన్న ఒక ఎం.ఏ. విద్యార్థిని ప్రాజెక్టుకు “సేఫ్ టాపిక్ చెప్పండి సార్” అంది. సేఫ్ అంటే ఏంటమ్మా అంటే, ప్రబంధాల్లో ప్రకృతి వర్ణన అంది. ఈ చట్టం ఇంకా ఆ అమ్మాయి గడప తొక్కలేదు, అయినా పని చేసేసింది.

బాంబు పెట్టినవాడి మీద సాక్ష్యం ఉంటే మామూలు చట్టం కిందా కోర్టు బెయిల్ నిరాకరిస్తుంది. 43డి(5) రద్దు చేయాలన్న డిమాండు మన సంఘాల తీర్మానాల్లో అట్రాసిటీ చట్టం పక్కనే ఉండాలి. వచ్చే ఏప్రిల్ 2న సభ పెట్టేవాళ్ళు బ్యానర్ మీద రెండు సంవత్సరాలూ రాయండి.

జై భీమ్.