కొల్లేటి బాతులకు లోతు తక్కువ నీరే కావాలి
కృష్ణా, గోదావరి డెల్టాల నడుమనున్న కొల్లేటి సరస్సుకు చలికాలంలో మధ్య ఆసియా, సైబీరియాల నుంచి బాతులు వస్తాయి. సూదితోక బాతు తల నీటిలో ముంచి, తోక నిటారుగా లేపి, అడుగున గింజలు ఏరుకుంటుంది. మెడ అందే లోతులోనే దానికి మేత. లోతుగా తవ్విన చేపల చెరువు దాని మేతకు పనికిరాదు. కొల్లేటిని 1999లో అభయారణ్యంగా ప్రకటించి, 2002లో అంతర్జాతీయ చిత్తడి నేలల రామ్‌సర్ జాబితాలో చేర్చి, 2006లో అక్రమ చేపల చెరువుల గట్లు కొట్టేసినా ఆక్రమణలు మళ్లీ మొలవడం క్షమించరానిది. కొల్లేటి ఒడ్డునే ఉన్న ఆటపాకలో గూడబాతులు (పెలికన్లు) అటవీశాఖ నిలిపిన ఇనుప స్టాండ్లపై గూళ్లు కడుతున్నాయి. ఈ ఏర్పాటు మెచ్చదగ్గదే, కానీ చెట్టుకు సాటి కాదు. చూడవచ్చేవారు పొద్దున్నే రావాలి, బైనాక్యులర్ తెచ్చుకోవాలి, పడవను గూళ్లకు దూరంగానే ఆపించాలి. తల్లిపక్షి బెదిరి లేస్తే గుడ్లు కాకుల పాలవుతాయి.