ఒకే రోజీని నమ్ముకున్న ఊళ్లు



ఈసారి మాట రష్యాలో మొదలుపెట్టి ప్రొద్దుటూరుకు తెస్తాను. కాస్త సబర్ చేయండి.

రష్యాలో ఫిన్లాండ్ సరిహద్దు పక్కన కరేలియా అనే అడవుల ఇలాకా ఉంది. అందులో సెగెజా ఒక చిన్న పట్నం. మొదటి ప్రపంచయుద్ధం నాడు మూర్మాన్స్క్ రైలుదారి వేసినప్పుడు అదొక స్టేషన్, అంతే. 1939లో అక్కడ కాగితం కార్ఖానా మొదలైంది. దాన్ని కట్టడానికి ఖైదీల చేత చాకిరీ చేయించారు. అడవిలో కలప, కలప నుంచి గుజ్జు, గుజ్జు నుంచి బస్తాల కాగితం. ఊరికంతా అదే రోజీ.

సోవియట్ హుకూమత్ కూలిన తరువాత కార్ఖానా కష్టాల్లో పడింది, దాంతోపాటు ఊరూ పడింది. 2022లో యుక్రెయిన్ జంగ్ మొదలయ్యాక ఐరోపా సమాఖ్య రష్యా కలపను కొనకూడదని నిషేధం పెట్టింది. అడవి ఎక్కడికీ పోలేదు. కొనే చేయి పోయింది.

ఇలా ఒకే కార్ఖానా మీద బతికే ఊళ్లను వాళ్లు 'మోనోగరోద్' అంటారు. వాళ్ల సర్కారు జాబితాలోనే ఇవి 300కు పైగా ఉన్నాయి. 2009లో పికల్యోవో అనే అలాంటి ఊళ్లో జీతాలు ఆగిపోతే జనం పెద్దరోడ్డుకు అడ్డంగా నిలబడ్డారు. అప్పటి ప్రధాని పుతిన్ స్వయంగా అక్కడికి రావాల్సి వచ్చింది.

మనకెందుకు ఈ కిస్సా అంటారా? మన తారీఖ్ కూడా ఇదే చెబుతోంది. వంద, నూటయాభై ఏళ్ల కింద ప్రొద్దుటూరు, జమ్మలమడుగు పక్క పెద్ద తిజారత్ రెండు సరుకులది: పత్తి, నీలిమందు. 1897లో జర్మనీ కంపెనీ ఒకటి రసాయనాలతో చేసిన నీలిని బజారులోకి దించింది. కొన్నేళ్లకే నీలిమందు సేద్యం కుప్పకూలింది. పెన్న ఒడ్డున నీలి పండించిన రైతుకు జర్మనీ ఎక్కడుందో తెలిసి ఉండదు. అయినా అతని రోజీ అక్కడ తేలిపోయింది.

ఇప్పుడు మన మూడు ఊళ్లు చూడండి.

జమ్మలమడుగుది ఇంతిజార్. ఉక్కు కార్ఖానా కోసం 2007లో ఒక శంకుస్థాపన, 2018 డిసెంబరులో మరొకటి, 2019 డిసెంబరులో మరొకటి, 2023 ఫిబ్రవరిలో ఇంకొకటి. 2014 విభజన చట్టంలో కూడా కడప జిల్లా ఉక్కు కార్ఖానా మాట రాశారు. రాయి మీద రాయి పడింది గానీ ఉక్కు రాలేదు. 2007లో పుట్టిన బిడ్డకు ఇప్పుడు ఓటుహక్కు వచ్చేసింది. 'ఫ్యాక్టరీ వస్తే ఉద్యోగం' అని కూర్చున్న ఇంట్లో ఒక పూరా తరం అయిపోయింది.

పులివెందులది ఇంకో రకం. వేముల మండలం తుమ్మలపల్లెలో కేంద్ర ప్రభుత్వ సంస్థ యురేనియం తవ్వుతోంది. నౌకరీలు కొందరికి వచ్చాయి. వ్యర్థాల చెరువు పక్క పల్లెల రైతులు మాత్రం బోరునీళ్లు పాడయ్యాయని, అరటి తోటలు దెబ్బతిన్నాయని ఏళ్లుగా ఫిర్యాదు చేస్తున్నారు. నేల కింద ఖజానా ఉంటే పైన ఉన్నవాడు అమీర్ అవుతాడని గ్యారంటీ లేదు.

ఇక ప్రొద్దుటూరు. రెండో బొంబాయి అని పేరు. అజీబ్ ఏమిటంటే, ఈ ఊరి చుట్టూ గ్రాము బంగారం కూడా తవ్వరు. అయినా పక్క జిల్లాల నుంచి పెళ్లి నగల కోసం ఇక్కడికే వస్తారు. ఈ ఊరి ఆస్తి గనిలో లేదు. కారీగర్ చేతిలో ఉంది, దుకాణం మాటకున్న భరోసాలో ఉంది. సెగెజాకు అడవి ఉండీ తిప్పలు. ప్రొద్దుటూరు ఏ గనీ లేకుండా నిలబడింది. హునర్ విలువ ఇదీ.

కానీ ఆ హునర్ మన పిల్లల చేతికి ఎంత వస్తోంది? నా ఫికర్ అక్కడే. నాకు తెలిసిన ఇళ్లలో ఏడో తరగతికో ఎనిమిదో తరగతికో పిల్లవాణ్ని బడి మాన్పించి పనిలో పెడతారు. వాడు ఏళ్ల తరబడి మెరుగు పెట్టడమో, అతుకు పెట్టడమో ఒక్కటే నేర్చుకుంటాడు. పూర్తి నగ చేయడం రాదు. తరుగు లెక్క, మజూరీ లెక్క అడిగితే నోరు తెరవడు. 2025 ఏప్రిల్‌లో పది గ్రాముల ధర లక్ష దాటింది. ధర పెరిగితే బంగారం నిల్వ ఉన్నవాడికి ఖుషీ. పది తులాలు కొనాల్సినవాళ్లు ఐదుతో సరిపెట్టుకుంటే, పని తగ్గేది మెరుగు పెట్టే పిల్లవాడికే.

'ఆకలి ఆగుతుందా భాయ్, చదువు అయ్యేదాకా ఎవరు సాకుతారు?' అంటారు. సవాల్ వాజిబే. భర్త పోయిన ఆపా ఇంట్లో ఆ పిల్లవాడి వారం కూలే బియ్యం, పాలు. ఆమెకు నసీహత్ చెప్పి చేతులు దులుపుకోవడం జుల్మ్. అందుకే ఈ బోజ్ మొహల్లా మొయ్యాలి. మన జకాత్ రంజాన్‌లో చిల్లరగా చేతులు మారుతుంది. అందులో కొంత భాగం, అర్హత ఉన్న అలాంటి ఇళ్లకు పిల్లవాడు పది పాసయ్యేదాకా నెలనెలా ఇద్దాం. ఒక్కో మొహల్లా రెండు మూడు ఇళ్లు ఎత్తుకున్నా చాలు. పద్నాలుగేళ్ల లోపు పిల్లల్ని పనిలో పెట్టుకోవడం చట్టప్రకారం నేరమని కార్ఖానా యజమానులకు మన పెద్దలే చెప్పాలి. వాళ్లలో మనవాళ్లూ ఉంటారు, అయినా చెప్పాలి.

పది అయ్యాక బంగారు పనిలోకి పోతాడా, శౌక్‌గా పోనివ్వండి. అది ఇజ్జత్ ఉన్న పని. కానీ పని మొత్తం నేర్పే ఉస్తాద్ దగ్గర పెట్టండి. హాల్‌మార్క్ నియమాలు, కంప్యూటర్‌లో డిజైన్ గీయడం, హిసాబ్ రాయడం కూడా నేర్పించండి. ఇంట్లో ఇద్దరు సంపాదిస్తుంటే ఇద్దర్నీ ఒకే బజారులో పెట్టకండి. అన్న నగల పనిలో ఉంటే తమ్ముడో చెల్లెలో నర్సింగో, ఐటీఐ కరెంటు పనో చూసుకోవాలి. కువైట్ వీసా కోసం ఇల్లు అమ్మే ముందు కూడా ఇదే లెక్క వేయండి. అదీ ఒక్క షేక్ మర్జీ మీద నిలిచిన రోజీయే.

ఊరి తఖ్దీర్‌ను మనం ఒక్కరమే మార్చలేం. ధర లండన్‌లో తేలుతుంది, కార్ఖానా ఎక్కడ రావాలో అమరావతిలో, ఢిల్లీలో తేలుతుంది. పిల్లవాడి బడి మాత్రం మన గల్లీలోనే తేలుతుంది. వచ్చే జుమా తరువాత మీ మస్జిద్ కమిటీని ఒక్క మాట అడగండి: మన మొహల్లాలో ఈ ఏడు బడి మానిన పిల్లలు ఎంతమంది? ఆ ఫెహ్రిస్త్ చేతికి వస్తే పని మొదలుపెట్టవచ్చు.