పొరుగింటి వాన

నా బల్ల మీద రెండు నోట్లున్నాయి. గాబరోన్‌లో కొన్నాళ్లు అకౌంటెంటుగా చేసి వచ్చిన మా బంధువు ఒకాయన తెచ్చిచ్చినవి. ఒకటి బోట్స్‌వానా నోటు, వంద పులాలు. దాని మీద పాతకాలపు కోట్లు తొడుక్కున్న ముగ్గురు పెద్దమనుషులు. రెండోది జింబాబ్వే నోటు. దాని మీద ఒకటి, పక్కన పద్నాలుగు సున్నాలు. మన లెక్కలో వంద లక్షల కోట్ల డాలర్లు. ముందువైపు ఒకదాని మీద ఒకటి ఎవరో పేర్చినట్టున్న బండరాళ్లు, వెనకవైపు విక్టోరియా జలపాతం, ఓ అడవి దున్న. మొదటి నోటు పట్టుకుని గాబరోన్‌లో ఏ కొట్టుకెళ్లినా సరుకిస్తారు. రెండో నోటునే సరుకుగా అమ్ముతారు, జలపాతం చూడ్డానికొచ్చిన పర్యాటకులకు.

ఇంతకీ పులా అంటే ఏమిటో తెలుసా? సెట్స్‌వానా భాషలో వాన. పేరు చివర ‘వానా’ ఉందన్న మాటే గానీ ఆ దేశంలో వాన అపురూపం. మూడింట రెండు వంతులకు పైగా కలహారి ఎడారే. 1976లో దక్షిణాఫ్రికా ర్యాండును వదిలి సొంత డబ్బు అచ్చేసుకున్నప్పుడు దానికి వాన పేరే పెట్టుకున్నారు. సభల్లో నాయకుడు ప్రసంగం ముగిస్తూ ‘పులా!’ అంటాడు. జనం ‘పులా!’ అని బదులిస్తారు. 2009లో జింబాబ్వే తన డాలరును పక్కన పడేసి పరాయి డబ్బుతో బతకాల్సి వచ్చినప్పుడు, అమెరికా డాలరు, ర్యాండులతో పాటు ఈ పులాను కూడా చెల్లుబాటు చేసుకుంది. 2014లో మన రూపాయికీ ఆ జాబితాలో చోటిచ్చారు. మన ఇంటి బావి ఎండిపోతే పొరుగింటికి బిందె పట్టుకెళ్లడం లాంటిదే ఇది.

మొదట్లో కథ ఇలా లేదు. బిందె పట్టుకుని తిరగాల్సింది బోట్స్‌వానాయే.

1966 సెప్టెంబరు 30న బోట్స్‌వానాకు స్వాతంత్ర్యం వచ్చేనాటికి దేశం మొత్తానికి ఉన్న తారు రోడ్డు 12 కిలోమీటర్లు. పట్టభద్రులు 22 మంది. బ్రిటిష్ వాళ్లు ఆ దేశాన్ని ఏలిన కాలంలో పరిపాలన కేంద్రం కూడా దేశంలో లేదు, సరిహద్దు అవతల దక్షిణాఫ్రికాలోని మాఫెకింగ్‌లో ఉండేది. పశువులు, కరువు తప్ప మరేమీ లేని నేల. ప్రపంచంలోని అతి పేద దేశాల్లో ఒకటి. జింబాబ్వే సంగతి వేరు. 1980 ఏప్రిల్ 18న అధికారం చేతికొచ్చేసరికి అక్కడ రైళ్లున్నాయి, కర్మాగారాలున్నాయి, పొగాకు, మొక్కజొన్న పండే మంచి భూములున్నాయి, జాంబెజీ నది మీద కరీబా ఆనకట్ట ఉంది, 1950ల నుంచీ నడుస్తున్న విశ్వవిద్యాలయం ఉంది. ఆరోజు పందెం కట్టమంటే ఎవరైనా జింబాబ్వే మీదే కట్టేవారు.

ఇవాళ బోట్స్‌వానాలో తలసరి ఆదాయం సుమారు ఏడు వేల డాలర్లు. జింబాబ్వేలో అందులో సగం కూడా లేదు. జింబాబ్వే పంతుళ్లు, నర్సులు సరిహద్దు దాటి వచ్చి ఇళ్లలో, పొలాల్లో, దుకాణాల్లో పనిచేస్తున్నారు.

ఎందుకిలా అని అడిగితే ఠక్కున వచ్చే జవాబు: ‘వాళ్లకు వజ్రాలు దొరికాయి కదా!’ నిజమే, దొరికాయి. జింబాబ్వేకీ దొరికాయి. 2006లో తూర్పున మరాంగేలో దొరికాయి. పేదలు పలుగులు పట్టుకుని ఎగబడ్డారు. 2008 చివర్లో సైన్యం దిగింది, హెలికాప్టర్లతో సహా. రెండు వందల మందికి పైగా చనిపోయారని హ్యూమన్ రైట్స్ వాచ్ చెప్పింది. ఆ తర్వాత ఆ గనుల్లో ఏ కంపెనీ ఎంత తవ్వింది, ఖజానాకు ఎంత జమైంది అన్నది ఎవరికీ సరిగా తెలియదు. 2016లో అధ్యక్షుడు రాబర్ట్ ముగాబేయే టీవీలో కూర్చుని, 1,500 కోట్ల డాలర్ల సంపద పోయిందన్నారు. ఆ అంకె నిజమెంతో ఎవరూ తేల్చలేదు. అప్పటికి 36 ఏళ్లుగా ఏలుతున్న మనిషి, దొంగతనం పొరుగూళ్లో జరిగినట్టు చెప్పడమే వింత.

వజ్రాలు దొరికినంత మాత్రాన నేల బాగుపడదని తెలుగువాళ్లకు ఒకరు చెప్పనక్కర్లేదు. ప్రపంచానికి వజ్రాలిచ్చిన మన కొల్లూరు ఇప్పుడు పులిచింతల నీళ్ల కింద ఉంది.

బోట్స్‌వానాలో జరిగింది ఇది. తొలి అధ్యక్షుడు సెరెట్సే ఖామా రాజవంశీకుడు, బామంగ్వాటో తెగ పెద్దరికానికి వారసుడు. తెల్ల అమ్మాయిని పెళ్లాడినందుకు బ్రిటన్ ఆయన్ను కొన్నేళ్లు సొంత దేశంలో అడుగు పెట్టనివ్వలేదు. 1967లో ఓరాపాలో వజ్రాలు బయటపడ్డాయి. ఆ నేల ఆయన తెగదే. భూమి కింద ఉన్నది తెగదా, దేశానిదా అన్న తగాదా మొదలైతే ఆఫ్రికాలో అంతర్యుద్ధాలైన దాఖలాలు బోలెడు. కానీ అదే ఏడాది చట్టం చేసి ఖనిజ హక్కులన్నీ దేశానికి రాసిచ్చారు. తన తెగ వాటాను ముందుగా వదిలించినవాడే అధ్యక్షుడు కాబట్టి మిగతా తెగలు నోరెత్తలేదు. గని తవ్వే డిబీర్స్ కంపెనీ మొదట 15 శాతం వాటా ఇచ్చింది. బేరం ఆడి ఆడి 1975కల్లా దాన్ని సగానికి తెచ్చుకున్నారు. వచ్చిన డబ్బు బడులకు, ఆసుపత్రులకు, రోడ్లకు పెట్టి, మిగిలింది రేపటి కోసమని 1994లో పులా ఫండ్‌లో దాచారు. పెట్టె తెరుచుకోకముందే తాళంచెవి ఎవరి దగ్గరుండాలో తేల్చుకున్నారు. తేడా అంతా అక్కడుంది.

అయితే న్యాయంగా మాట్లాడాలి. ముగాబే చెడ్డవాడు, ఖామా మంచివాడు అనేస్తే పని తేలికే గానీ, అది చరిత్ర కాదు.

వంద పులాల నోటు మీది ముగ్గురు పెద్దమనుషుల దగ్గరికి వద్దాం. వాళ్లు సెరెట్సే పూర్వీకుడైన ఇంకో ఖామా, బాతొయెన్, సెబేలె అనే తెగ పెద్దలు. 1895లో ఓడెక్కి లండన్ వెళ్లారు. తమ నేలను సెసిల్ రోడ్స్ కంపెనీ చేతిలో పెట్టవద్దని బ్రిటిష్ ప్రభుత్వాన్ని వేడుకున్నారు. మాట నెగ్గింది. రోడ్స్ చేతికి చిక్కిన పక్క దేశానికి, అంటే ఇవాళ్టి జింబాబ్వేకి, ఆయన పేరే పడింది, రొడీషియా అని. అక్కడ 1930 భూచట్టం దేశంలో సగం నేలను, అందులోనూ మంచిదాన్ని, గుప్పెడు మంది తెల్లవాళ్లకు రాసిచ్చింది. 1965లో ఇయాన్ స్మిత్ తెల్లవాళ్ల ప్రభుత్వం అత్యవసర పరిస్థితి విధించి, తనకు తాను స్వాతంత్ర్యం ప్రకటించుకుంది. ఏళ్ల తరబడి యుద్ధం చేస్తే గానీ నల్లవాళ్లకు రాజ్యం రాలేదు. బోట్స్‌వానా నేల రోడ్స్ చేతికి చిక్కలేదు, ఎడారి కాబట్టి తెల్ల రైతులకూ పెద్దగా అక్కర్లేకపోయింది, అందుకే ఈ గాయం తగల్లేదు. ఎడారే దానికి కోట గోడ అయింది. ఇంకో చిత్రం: అదే రోడ్స్ పెట్టిన కంపెనీ డిబీర్స్. ఇప్పుడు అందులో 15 శాతం వాటా బోట్స్‌వానా ప్రభుత్వానిది.

ముగాబే పాలన మొదటి పదేళ్లలో మంచీ జరిగింది. ప్రాథమిక బడుల్లో ఫీజులు ఎత్తేశారు, పల్లెపల్లెకూ బడి వెళ్లింది. అక్షరాస్యతలో ఆఫ్రికాలో ముందు వరసలో నిలిచారు. ఇవాళ్టికీ ఆ దేశం పంతుళ్లను చుట్టుపక్కల దేశాలవాళ్లు పిలిచి పని ఇస్తారంటే ఆ పునాది వల్లే. కానీ స్మిత్ పెట్టిన అత్యవసర పరిస్థితిని ఆయన రద్దు చేయలేదు. 1990 దాకా పొడిగిస్తూ పోయారు. దొరల కోటలో కొత్త దొర దిగాడు, తలుపులు మాత్రం తెరవలేదు. 1983 నుంచి మటబెలెలాండ్‌లో సైన్యం చేసిన ఊచకోతలో మరణించినవారు 20 వేల దాకా ఉంటారన్నది ఎక్కువగా వినపడే అంచనా. అడిగే నోరు ఆనాడే మూతపడింది.

తర్వాతిదంతా దాని కొనసాగింపే. 1997లో, స్మిత్ ప్రభుత్వం మీద యుద్ధంలో పోరాడినవాళ్ల ఒత్తిడికి లొంగి బడ్జెట్‌లో లేని డబ్బు పంచేసరికి నవంబరు 14న ఒక్క రోజులో జింబాబ్వే డాలరు కుప్పకూలింది. 2000లో ప్రజాభిప్రాయ సేకరణలో ఓడగానే పాలక పార్టీకి భూమి గుర్తొచ్చింది. తెల్లవాళ్ల పొలాల మీదికి జనాన్ని తోలారు. భూమి పంచాల్సిందే, అందులో అన్యాయం లేదు. పంచిన తీరులో మంచి పొలాలు పెద్దమనుషుల పాలయ్యాయి, రైతుకు పట్టా లేదు, అప్పు లేదు, విత్తనం లేదు. పంట పోయింది. పన్ను పోయింది. నోట్లు అచ్చేశారు. 2008 నవంబరులో ధరలు దాదాపు రోజుకోసారి రెట్టింపయ్యాయని ఆర్థికవేత్తల అంచనా. పొద్దున రొట్టెకు సరిపోయిన డబ్బు మర్నాటికి సగం రొట్టెకే వచ్చేదన్నమాట. అదే సమయంలో కలరా వచ్చి నాలుగు వేల మందికి పైగా పోయారు. 2015లో పాత డాలరుకు దినం పెట్టారు. ఖాతాలో 175 పక్కన పదిహేను సున్నాల దాకా ఎంత ఉన్నా ఇచ్చింది అయిదు అమెరికా డాలర్లు. ఇరవై, ముప్పై ఏళ్లు కూడబెట్టుకున్న పింఛనుదారు చేతికొచ్చింది అది. 2024 ఏప్రిల్లో బంగారం పేరుతో ‘జిగ్’ అనే కొత్త డబ్బు తెచ్చారు. ఆరు నెలలు తిరక్కుండానే దాని విలువ 40 శాతానికి పైగా తగ్గించారు.

బోట్స్‌వానాలో ఏం చేశారని అడిగితే, గొప్ప పథకాల కంటే ముందు ‘ఖోట్లా’ గురించి చెప్పాలి. ఊరి మధ్య చెట్టు కింద జరిగే సభ అది. మన రచ్చబండకు దగ్గరి చుట్టం. తోలు పట్టీల కుర్చీల్లో పెద్దలు కూర్చుంటారు, మాట్లాడే హక్కు అందరికీ ఉంటుంది. మంత్రి అయినా, అధ్యక్షుడైనా కొత్త ఆలోచనతో వస్తే ముందు అక్కడ నిలబడి చెప్పాలి, తిట్లు తినాలి. ‘తెగ పెద్ద పెద్దవాడయ్యేది జనం వల్లే’ అన్నది వాళ్ల సామెత. 1976లో సొంత విశ్వవిద్యాలయం కట్టుకోవడానికి డబ్బు లేకపోతే ‘మనిషికో పశువు’ అని పిలుపిచ్చారు. పల్లెటూరి జనం ఆవులు, ఎద్దులు తోలుకొచ్చారు. పశువులు లేనివాళ్లు ధాన్యం, గుడ్లు తెచ్చారు. పశువును తోలుకొస్తున్న మనిషి విగ్రహం ఇప్పటికీ ఆ ఆవరణలో ఉంది. తమ ఎద్దు అమ్మి కట్టిన బడి ఏమైందని అడిగే హక్కు ఆ జనానికి రాకుండా ఎలా ఉంటుంది?

ఎయిడ్స్ విషయంలో రెండు దేశాలూ ఒకేసారి పరీక్షకు కూర్చున్నాయి. రెండుచోట్లా సగటు ఆయుష్షు 50 ఏళ్ల దగ్గరికి, కొన్నేళ్లపాటు అంతకంటే కిందికీ పడిపోయింది. జింబాబ్వే ఆదాయపు పన్ను మీద 3 శాతం ఎయిడ్స్ పన్ను వేసి, తన శక్తికి మించిన తెలివే చూపింది. బోట్స్‌వానా 2002లో ఆఫ్రికాలోనే ముందుగా మందులు ఉచితంగా ఇవ్వడం మొదలుపెట్టింది. ఆ పథకం పేరు ‘మాసా’, తెల్లవారడం అని అర్థం. మందు కొనడానికి ఖజానాలో డబ్బుండటమే తేడా. ముగాబే 2019లో కన్నుమూసింది సింగపూర్ ఆసుపత్రిలో. 37 ఏళ్లు ఏలినాయనకు తన దేశంలో నమ్మదగ్గ మంచం ఒకటి మిగల్లేదు.

అలాగని గాబరోన్ స్వర్గమని నేననను. ఆదాయాల అంతరంలో ఆ దేశం ప్రపంచంలోనే పై వరసలో ఉంది. పని కోసం చూసేవారిలో దాదాపు నాలుగో వంతు మందికి పని లేదు. కలహారి ఆదివాసులైన శాన్ జనాన్ని వాళ్ల అడవి నుంచి పంపేస్తే, 2006లో హైకోర్టు తప్పన్న తర్వాత గానీ దారి తెరుచుకోలేదు. ఆకలితో వచ్చే పొరుగువాళ్ల సరిహద్దు వెంట 2003లో విద్యుత్ కంచె కట్టడం మొదలుపెట్టి, పశువుల గాలికుంటు వ్యాధి కోసమన్నారు. జింబాబ్వే వాళ్లు ఆ మాట నమ్మలేదు. అన్నిటికీ మించి, ఎగుమతుల్లో దాదాపు 80 శాతం వజ్రాలే. ఫ్యాక్టరీలో తయారైన వజ్రాలు, మన సూరత్‌వి కూడా, మార్కెట్లోకి వచ్చి ధర పడిపోయేసరికి గనులు తవ్వకం తగ్గించాయి. దాచుకున్న మూట బాగా తరిగింది. అరవై ఏళ్లలో రెండో పంట వేయలేకపోయారు.

అయినా ఈ రెండు దేశాల్లో ఏది బాగుపడిందని అడిగితే నేను ఆదాయాల పట్టిక చూడను, రెండు ఎన్నికలు చూస్తాను. 2008 మార్చిలో జింబాబ్వే తొలి విడత ఓటింగులో ముగాబేకు 43 శాతం, ప్రతిపక్షనేత స్వాంగిరాయికి 48 శాతం వచ్చాయి. ఫలితం చెప్పడానికే నెల పైన పట్టింది. రెండో విడతకు ముందు ఎంత రక్తం కారిందంటే స్వాంగిరాయి బరి నుంచి తప్పుకున్నారు. 2024 అక్టోబరు 30న బోట్స్‌వానా ప్రజలు 58 ఏళ్లుగా ఏలుతున్న పార్టీని నాలుగు సీట్లకు దించేశారు. లెక్కింపు పూర్తిగా ముగియకముందే అధ్యక్షుడు మసీసి ఓటమి ఒప్పుకున్నారు. కొత్త అధ్యక్షుడు డుమా బోకో గెలిచి ఏడాది కాకుండానే, 2025 ఆగస్టులో, ఆసుపత్రుల్లో మందుల్లేవని టీవీలో ఒప్పుకుని అత్యవసర పరిస్థితి ప్రకటించారు. జనాన్ని అణచడానికి వచ్చిన ఎమర్జెన్సీ కాదది, మందులు తెప్పించడానికి వచ్చింది.

2029లో బోకో మళ్లీ ఓటరు ముందు నిలబడాలి. జింబాబ్వే అధ్యక్షుడు మ్నంగాగ్వా గడువు 2028తో ముగియాలి. దాన్ని 2030 దాకా పొడిగించాలని ఆయన పార్టీ ఇప్పటికే తీర్మానించింది.